వెనిస్ వీధుల్లో మన విద్వాంసుల అడుగుజాడలు

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న అమ్మాయి ఒక సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని, "అబ్బా, నేను ఎం.ఏ.లో యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం చదువుతాను. అందులో ఒక టర్మ్ ఇటలీలో ఉంటుంది" అంటే మన ఇళ్ళలో వచ్చే జవాబేమిటి? "ఎవరిదో చరిత్ర మనకెందుకు బేటీ? దాంతో ఉద్యోగం వస్తుందా?" ఈ రెండు ప్రశ్నలూ కొట్టిపారేయదగినవి కావు. రెండింటికీ నిదానంగా జవాబు వెతకాలి.

మొదటి ప్రశ్న: అది ఎవరి చరిత్ర? 14వ శతాబ్దంలో ఇటలీలో మొదలై 16వ శతాబ్దం దాకా యూరప్‌లో సాగిన విద్యా, కళా వికాసాన్నే పునరుజ్జీవనం అంటున్నాం. ఆ వికాసంలో ముస్లిం విద్వాంసుల గ్రంథాలకు పెద్ద పాత్ర ఉంది. ఇబ్నె సీనా రాసిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టోలెడోలో లాటిన్‌లోకి వెళ్ళింది. వెనిస్ ముద్రాపకులు దానిని పదే పదే అచ్చు వేశారు. పాదువా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులు శతాబ్దాలపాటు దానిని చదివారు. ఇబ్నె రుష్ద్ వ్యాఖ్యానాలతో కలిపి అరిస్టాటిల్ గ్రంథాలను 1550-52 మధ్య వెనిస్‌లోనే సంపుటాలుగా ముద్రించారు. దృష్టి, వెలుతురుల గురించి ఇబ్నె హైథమ్ చెప్పిన సిద్ధాంతాలను ఫ్లోరెన్స్ శిల్పి గిబెర్టీ తన రచనలో ఉపయోగించుకున్నాడు.

ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయం 1960ల నుంచే తన విద్యార్థులను చదువుకోసం వెనిస్ పంపసాగింది. పునరుజ్జీవన సంస్కృతిలో ఎం.ఏ. చేసేవారికి కూడా అక్కడ ఒక టర్మ్ ఏర్పాటు చేసింది. పుస్తకంలో చదివిన చిత్రాన్ని అది వేలాడిన గోడ మీదే చూడడం, ఆనాటి దస్తావేజులను చేత్తో పట్టుకుని చదవడం ఈ టర్మ్ ఉద్దేశం.

అలా వెళ్ళిన ముస్లిం విద్యార్థికి అక్కడ పరిచయమున్న జాడలెన్నో కనిపిస్తాయి. గ్రాండ్ కెనాల్ ఒడ్డున 'ఫోందాకో దేయీ తుర్కీ' అనే భవనం ఉంది. 1621 నుంచి 1838 వరకు ఉస్మానియా సామ్రాజ్యపు వర్తకులు బస చేసింది అందులోనే. వారికి నమాజు గది, స్నానశాల కూడా ఉండేవి. ఇప్పుడది ప్రకృతి శాస్త్ర మ్యూజియం. వెనిస్ చిత్రకారుడు జెంటిలే బెల్లిని 1479లో ఇస్తాంబుల్ వెళ్ళాడు. సుల్తాన్ రెండవ మహమ్మద్‌ది అని చెప్పే ప్రసిద్ధ చిత్రం ఆయన పేరు మీదే ఉంది.

ఇంకొక సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. 1537-38లో పగనీనీ అనే వెనిస్ ముద్రాపకుడు తన కుమారుడితో కలిసి ఖుర్ఆన్‌ను అరబీలో అచ్చు వేశాడు. అక్షరాలలో పొరపాట్లు ఎన్నో దొర్లాయి. ఆ వ్యాపారం సాగలేదు. ప్రతులన్నీ నశించాయనే చాలాకాలం అనుకున్నారు. 1987లో ఆంజెలా నువోవో అనే ఇటాలియన్ పరిశోధకురాలు వెనిస్‌లో క్రైస్తవ సన్యాసుల గ్రంథాలయంలో ఒక ప్రతిని కనుగొన్నారు. చిన్నప్పుడు మదరసాలో అలిఫ్, బే నేర్చిన పిల్లలు ఆ పేజీలను చూస్తే తప్పు ఎక్కడుందో తామే గుర్తించగలరు. మనం మామూలుగా తీసుకునే ఆ అక్షరజ్ఞానం అక్కడ పరిశోధకులు ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించే అర్హత!

మన తెలుగు నేలకూ ఈ చరిత్రతో బంధం ఉంది. వెనిస్ వర్తకుడు చెజారె ఫెదెరీచి 1567లో విజయనగరం చూసి, 1565 యుద్ధం తర్వాత ఆ నగరం పరిస్థితిని రాసి పెట్టాడు.

రెండవ ప్రశ్న ఉద్యోగం. ఇంజనీరింగు చదివినవారికి దొరికినంత తేలికగా ఇందులో ఉద్యోగం దొరకదని ముందే ఒప్పుకోవాలి. బోధన, పరిశోధన, మ్యూజియంలు, గ్రంథాలయాలు, ప్రాచీన పత్రాల భద్రత, అనువాదం ఇందులోని దారులు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటాలియన్ శిల్పి బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెకా' ఉంది, అరబీ, ఫారసీ రాతప్రతులూ ఉన్నాయి. ఈ రెండింటినీ చదివి చెప్పగలిగినవారు ఎందరున్నారు?

ఇక ఖర్చు. వడ్డీ అప్పు తీసుకోవడానికి మన కుటుంబాలు సహజంగానే వెనుకాడతాయి. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలపై వడ్డీ భరించే కేంద్ర పథకం 'పఢో పర్‌దేశ్' 2022-23 నుంచి ఆగిపోయింది. తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల కోసం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2015లో మొదలైంది. ఏ పథకానికైనా దరఖాస్తు చేసేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. ఆ ఏటి నోటిఫికేషన్‌లో మీ కోర్సు ఉందా? చదువు మధ్యలో వేరే దేశంలో ఒక టర్మ్ గడపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా? వెనిస్ బస ఖర్చు ఎవరు భరిస్తారు? బ్రిటన్ వీసాతో ఇటలీలో ఉండనివ్వరు కనుక దానికి వేరే వీసా తీసుకోవాలి. లాటిన్, ఇటాలియన్ భాషలు డిగ్రీలో ఉండగానే మొదలుపెడితే అక్కడ తడబాటు తగ్గుతుంది.

అందరు పిల్లలూ ఈ దారి పట్టనక్కరలేదు. కాని ఇంట్లో ఒకరికి చరిత్ర మీద నిజమైన ప్రేమ ఉంటే, "ఎవరిదో చరిత్ర" అని వారి నోరు మూయించకండి. ఖర్చు లెక్క వేయండి, నిబంధనలు చదవండి, ఆపైనే నిర్ణయించండి. ఇబ్నె సీనాను వెనిస్ వారు తమ పాఠ్యపుస్తకం చేసుకున్నారు. ఆ కథ చదివి చెప్పడానికి మన ఇంటి నుంచి ఒక్కరైనా వెళ్ళకూడదా?