అప్‌డేట్ తర్వాత మ్యూజిక్ ప్లేయర్ లేవట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

నిన్నటిదాకా బాగానే పాడిన ప్లేయర్, అప్‌డేట్ చేయగానే లోగో దగ్గర ఆగిపోయింది. బటన్ నొక్కితే పలకదు, లేదంటే ఆన్ అయి మళ్లీ ఆఫ్ అవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది చెప్పే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టెయ్, అయిపోతది." చాలాసార్లు ప్లేయర్ లేస్తుంది కూడా. కానీ అందులో ఉన్నవన్నీ పోతాయి. సినిమా పాటలైతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. అందులో ఎవరి గొంతైనా రికార్డ్ చేసి ఉంటే, దాన్ని ఏ సైట్ నుంచీ డౌన్‌లోడ్ చేసుకోలేం.

ఫోన్ ఉండగా ప్లేయర్ ఎందుకని అడగొద్దు. సెకండ్ హ్యాండ్ ఐపాడ్ క్లాసిక్ వెతికి కొనేవాళ్లు, ఇయర్‌ఫోన్ కంటే ప్లేయర్ మీదే ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లు ఇది చదివేవాళ్లలో చాలామందే ఉంటారు. ఐపాడ్ క్లాసిక్ అమ్మకాలు 2014లో ఆగాయి. చివరి ఐపాడ్ టచ్‌ను ఆపిల్ 2022 మే 10న ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే మన దగ్గరున్న వాటిని మనమే కాపాడుకోవాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఉండేవాళ్లకు ఇది ఇంకా అవసరం. పాత ప్లేయర్ పట్టుకుని హైదరాబాద్ పోయి రావాలంటే ఒక రోజు సెలవు పెట్టాల్సిందే.

అసలు లోపల ఏముంటుంది?

రిపేర్ మొదలుపెట్టే ముందు ప్లేయర్‌ను మూడు అంతస్తుల ఇల్లు అనుకోండి.

కింది అంతస్తు బూట్‌లోడర్. బటన్ నొక్కగానే మొదట లేచే చిన్న ప్రోగ్రామ్ ఇదే. మెయిన్ సాఫ్ట్‌వేర్‌ను వెతికి నడిపించడం దీని పని. మామూలు అప్‌డేట్లు చాలావరకు దీని జోలికి పోవు.

మధ్య అంతస్తు ఫర్మ్‌వేర్. మెనూలు, పాట ప్లే చేసే కోడ్, బ్యాటరీ లెక్క అన్నీ ఇక్కడే. అప్‌డేట్ మార్చేది దీన్నే.

పై అంతస్తు మన డేటా. పాటలు, రికార్డింగులు, వాటితోపాటు ఒక డేటాబేస్ ఫైల్. ఏ పాట ఏ ఆల్బమ్‌లో ఉంది, ఎవరు పాడారు అన్న జాబితా అది. చాలా ప్లేయర్లు పాటల ట్యాగులు చదివి దీన్ని తామే తయారు చేసుకుంటాయి.

"అప్‌డేట్ తర్వాత పాడైంది" అంటే మధ్య అంతస్తే కూలిందని అందరూ అనుకుంటారు. అలా కానక్కర్లేదు. ఏ అంతస్తులో తేడా ఉందో కనుక్కుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి మెట్టు: చార్జింగ్, తర్వాత ఫోర్స్ రీస్టార్ట్

పాత లిథియం బ్యాటరీ స్క్రీన్ మీద సగం చూపిస్తుంది. కానీ అప్‌డేట్ రాసేటప్పుడు లోడ్ పెరిగి వోల్టేజ్ పడిపోతే ప్లేయర్ మధ్యలోనే ఆగిపోతుంది. మే నెలలో మన పాలమూరు ఎండలకు గదిలోనే వేడెక్కిన బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ముందు గంటసేపు నీడలో చార్జింగ్ పెట్టండి. పూర్తిగా డిశ్చార్జ్ అయిన ప్లేయర్ మొదటి అరగంట ఏమీ చూపించకపోయినా కంగారు పడొద్దు.

తర్వాత ఫోర్స్ రీస్టార్ట్. క్లిక్ వీల్ ఉన్న ఐపాడ్ అయితే హోల్డ్ స్విచ్‌ను ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేయండి. ఆపైన మెనూ బటన్, మధ్య బటన్ రెండూ కలిపి ఆపిల్ లోగో వచ్చేదాకా నొక్కి పట్టుకోండి. వేరే ప్లేయర్లలో చాలావాటికి పవర్ బటన్‌నే పదిహేను, ఇరవై సెకన్లు పట్టుకుంటే సరిపోతుంది. మెమరీ కార్డు వేసే ప్లేయర్ అయితే కార్డు తీసేసి ఒకసారి ఆన్ చేసి చూడండి. కార్డు లేకుండా లేస్తే తేడా కార్డులోనే ఉందన్నమాట.

రెండో మెట్టు: కంప్యూటర్‌కు కనిపిస్తోందా?

మొత్తం పరీక్షలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. డేటా కేబుల్‌తో కలపండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కూడా ఉంటాయి కాబట్టి, ఫోన్‌తో డేటా వెళ్లే కేబుల్ అని ముందే తేల్చుకోండి.

ఐపాడ్‌లో దీనికి డిస్క్ మోడ్ ఉంది. పైన చెప్పినట్టు రీస్టార్ట్ చేసి, ఆపిల్ లోగో కనిపించగానే మెనూ వదిలేసి మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకోండి. అప్పుడది మామూలు పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. పాటలు ఒక దాచిన ఫోల్డర్‌లో నాలుగక్షరాల వింత పేర్లతో ఉంటాయి, కానీ ట్యాగులు లోపల భద్రంగానే ఉంటాయి.

ఇతర ప్లేయర్లలో రెండు యూఎస్‌బీ మోడ్‌లు ఉండొచ్చు. ఎంటీపీ మోడ్‌లో ఫైళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఎంఎస్‌సీ మోడ్‌లో డ్రైవ్ లెటర్‌తో మొత్తం డిస్క్ కనిపిస్తుంది. డిస్క్ చెక్, రికవరీ లాంటివి ఎంఎస్‌సీలోనే కుదురుతాయి.

డ్రైవ్ కనిపిస్తే మంచి వార్త: కింది అంతస్తు బాగుంది, స్టోరేజ్ బతికే ఉంది. అసలేమీ కనిపించకపోతే వేరే కేబుల్, వేరే పోర్ట్, వేరే కంప్యూటర్ ప్రయత్నించాకే హార్డ్‌వేర్ మీద అనుమానం పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. "ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడగొచ్చు. క్యాన్సిల్ కొట్టండి. ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నా ఇదే అడుగుతుంది, మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ను కలిపినా ఇదే అడుగుతుంది. రెండో సందర్భంలో ఐపాడ్‌కు ఏమీ కాలేదు, విండోస్‌కు ఆ భాష రాదు, అంతే.

మూడో మెట్టు: ముందు కాపీ, తర్వాతే రిపేర్

డ్రైవ్ తెరుచుకోగానే మొదట రికార్డింగ్స్ ఫోల్డర్, తర్వాత మిగతావి కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక ఒక్కో రికార్డింగ్ తెరిచి వినండి. పేరు కనిపించినంత మాత్రాన లోపల శబ్దం ఉందని కాదు.

ఫైళ్లు కనిపించకపోతే ఆ డ్రైవ్ మీద కొత్తగా ఏమీ రాయొద్దు. ఫోటోరెక్ అనే ఉచిత టూల్ పేరుకు ఫోటోలదే అయినా ఎంపీ3, వేవ్ ఫైళ్లను కూడా వెతికి తీస్తుంది. తీసినవాటిని అదే ప్లేయర్‌లో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయాలి.

కాపీలు చేతిలో ఉన్నాకే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్‌కు వెళ్లి ఎర్రర్ చెకింగ్ నడపండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయిన సందర్భాల్లో ఇదొక్కటే సరిపోవచ్చు.

ఒక నిజం కేసు

నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నా కాలేజీ జూనియర్ ఒకడు ఇప్పుడు గద్వాలలో పని చేస్తున్నాడు. వాడి ప్లేయర్ అప్‌డేట్ తర్వాత లోగో కింద గీత సగందాకా వెళ్లి ఆగిపోయేది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. "అన్నా, ఇది లేస్తలేదు. వనపర్తిల షాపాయన ఫార్మాట్ కొట్టాలె అంటున్నడు. అండ్ల మా నాయినమ్మ పాటలున్నయి" అని ఫోన్ చేశాడు. నాట్లేసేటప్పుడు పాడే పాటలు అవి, మొత్తం పదకొండు. ఇప్పుడు ఆమెకు ఆయాసం, రెండు చరణాలు కూడా పాడలేదు. వాటికి వేరే కాపీ లేదు.

ప్లేయర్ తెప్పించుకుని చూశాను. కంప్యూటర్‌కు కలిపితే డ్రైవ్ వచ్చింది. పదకొండు రికార్డింగులూ కాపీ చేసి, అన్నీ చివరిదాకా విన్నాకే ముందుకు వెళ్లాను. డిస్క్ చెక్‌లో తప్పులేవీ రాలేదు. పాటలన్నీ కంప్యూటర్‌లోకి మార్చి, ఖాళీ ప్లేయర్ ఆన్ చేస్తే వెంటనే లేచింది! అంటే కొత్త ఫర్మ్‌వేర్ సరిగ్గానే పడింది. తేడా పై అంతస్తులో, ఏదో పాటలో ఉంది.

మొత్తం 1,180 పాటలు. ఒక్కొక్కటి వేసి చూస్తే తెల్లారుతుంది. బీటెక్‌లో చదివిన బైనరీ సెర్చ్ ఇక్కడ పనికొచ్చింది. సగం పాటలు వేసి ఆన్ చేయాలి. ఆగిపోతే దోషి ఆ సగంలో ఉన్నట్టు, లేస్తే మిగతా సగంలో ఉన్నట్టు. ఇలా సగం చేసుకుంటూ పోతే ఎక్కువలో ఎక్కువ పదకొండు ప్రయత్నాల్లో ఒక్క పాట మిగులుతుంది. బస్టాండ్ దగ్గర కార్డులో ఎక్కించుకున్న పాట అది. ఏదో పాటల సైట్ వాళ్లు తమ ప్రకటన బొమ్మను దాని ట్యాగ్‌లో పెట్టారు, ఆ బొమ్మ డేటా సగంలో తెగిపోయి ఉంది. ట్యాగ్ తీసేసి అదే పాట మళ్లీ వేస్తే ప్లేయర్ హాయిగా లేచింది.

మరి అప్‌డేట్‌కు ముందు ఎలా పాడింది? అప్‌డేట్ అయ్యాక ప్లేయర్ పాత డేటాబేస్ పక్కనపెట్టి అన్ని ట్యాగులూ మళ్లీ చదువుతుంది. కొత్త వెర్షన్‌లో ట్యాగ్ చదివే కోడ్ మారి ఉంటుంది, పాతది దాటేసిన చోట కొత్తది ఇరుక్కుపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫార్మాట్ కొట్టి ఉంటే ప్లేయర్ లేచేదే. కానీ అదే కార్డు పాటలు మళ్లీ ఎక్కించగానే మళ్లీ ఆగిపోయేది. నాయినమ్మ పాటలు పోయేవి, రోగం మాత్రం అలాగే ఉండేది.

అప్‌డేట్ తప్పు కాకపోవచ్చు కూడా

2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ జూన్ 30 జీబీ ప్లేయర్లు ప్రపంచమంతా ఒకేరోజు ఆగిపోయాయి. ఆ రోజు ఎవరూ అప్‌డేట్ చేయలేదు. గడియారం కోడ్‌లో ఒక లూప్ రోజుల సంఖ్య నుంచి సంవత్సరాన్ని లెక్కగట్టేది. మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపు అది తిరుగుతుంది. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉంటేనే 366 తీసేస్తుంది. 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 అందులో 366వ రోజు. 366 అనేది 365 కంటే ఎక్కువ, కాబట్టి లూప్ ఆగదు. 366 కంటే ఎక్కువ కాదు, కాబట్టి ఏదీ తగ్గదు. ప్లేయర్ అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, జనవరి 1 మధ్యాహ్నం తర్వాత మళ్లీ చార్జ్ చేయండి అన్నది కంపెనీ చెప్పిన పరిష్కారం. తేదీ మారగానే అన్నీ లేచాయి. ఆ రోజు తొందరపడి ఏం చేసినా దండగే అయ్యేది.

నిజంగా ఫర్మ్‌వేరే పాడైతే

పాటలు తీసేసినా ప్లేయర్ లేవకపోతే అప్పుడు ఫర్మ్‌వేర్ మళ్లీ వేయాలి.

ఐపాడ్ టచ్ రికవరీ మోడ్‌లో ఉన్నప్పుడు కంప్యూటర్ రెండు దారులు చూపిస్తుంది: అప్‌డేట్, రిస్టోర్. అప్‌డేట్ నొక్కితే డేటాను ఉంచి సిస్టమ్‌ను మళ్లీ వేయడానికి ప్రయత్నిస్తుంది. రిస్టోర్ అన్నీ తుడిచేస్తుంది. ముందు ఎప్పుడూ అప్‌డేటే. క్లిక్ వీల్ ఐపాడ్లలో రిస్టోర్ పాటలను కూడా తుడిచేస్తుంది కాబట్టి, డిస్క్ మోడ్‌లో కాపీ అయ్యాకే దాని జోలికి వెళ్లండి.

ఆండ్రాయిడ్ ప్లేయర్ అయితే రికవరీ మెనూలో "వైప్ క్యాష్" ఉంటే మొదట అది ప్రయత్నించండి, అది మీ ఫైళ్లను ముట్టుకోదు. "వైప్ డేటా" చివరి మాట.

ఫైల్ దించుకుని వేసే ప్లేయర్లలో మోడల్ పేరుతోపాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిచూడండి. ఒకే పేరుతో లోపల వేరే చిప్ ఉన్న మోడళ్లు ఉంటాయి. కంపెనీ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ ఇచ్చి ఉంటే, దించిన ఫైల్ విలువతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ వేయొద్దు.

పాత ఐపాడ్లు, సాన్సా క్లిప్ లాంటి వాటికి రాక్‌బాక్స్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ కూడా ఉంది. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలైంది. కంపెనీ వదిలేసిన ప్లేయర్‌కు అది రెండో జీవితం. ఐపాడ్ టచ్‌లో మాత్రం పని చేయదు.

ఇకముందు అప్‌డేట్ చేసేటప్పుడు

బ్యాటరీ నిండుగా ఉండాలి. డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మేలు, కరెంటు పోయినా ఆగదు. మెమరీ కార్డు బయటికి తీసేయండి. అన్నిటికంటే ముందు, మళ్లీ దొరకని ఫైళ్లను వేరే చోట పెట్టండి. పాటలన్నీ బ్యాకప్ చేసే ఓపిక లేకపోయినా రికార్డింగ్స్ ఫోల్డర్ ఒక్కటి కాపీ చేయడానికి రెండు నిమిషాలు చాలు. మా జూనియర్ నాయినమ్మ పాటలు ఇప్పుడు వాడి ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వాళ్ల అక్క ఫోన్‌లో ఒకటి ఉన్నాయి. వచ్చే అప్‌డేట్‌ను వాడు భయం లేకుండా నొక్కొచ్చు.