అక్షరాలు ఏమైనట్టు?

బాలలూ! ఇల్లు మారితే మన పుస్తకాలలోని అక్షరాలు మారిపోతాయా? మారవు గదా! కాని నాకు అట్లాగే జరిగింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మరమ్మతులు నిలిచిపోయాయి. నా కంప్యూటరు పాతది. కొత్త విండోస్‌ను మోయలేదు. అందుచేత ఆరాంఘర్‌లోని మా యింట్లో దానికి లైనక్స్ పెట్టించాను. వారం రోజులు ఏది ఎక్కడున్నదో తెలియక ఒకటే విసుగు. అది ఓర్చుకున్నాను. కాని, ఏళ్ళ తరబడి తెలుగులో టైపు చేసుకున్న పాఠాలు తెరిస్తే, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ! గుండె గుభేలుమంది.

ఎందుకిట్లా అయింది? వెనుకటి తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు వేషం వేసేవి. కంప్యూటరు లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరం సంఖ్యనే. కొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేదు. వేషం తీసేసరికి అసలు రూపు బయటపడ్డది!

1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు సొంత సంఖ్యలున్నాయి: 'అ'కు 3077, 'క'కు 3093. ఏ వ్యవస్థకు పోయినా అవి మారవు.

మా మనుమరాలు పాత ఫాంటు తెచ్చి పెట్టింది; పాఠాలు మళ్ళీ కనిపించాయి. ఇప్పుడు ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మీ తాతగారి వ్రాతలు ఏ ఫాంటులో ఉన్నాయో, కంప్యూటరు మార్చకముందే అడిగి చూడండి!