తెరపై అభ్యాసము

భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అగును. 2022 జూలైలో మట్టము 71 అడుగులు దాటినది. ఇట్టి అంకెలను కంప్యూటరు పట్టికలో చేర్చునపుడు 48కి బదులు 84 అని పడినచో ఎంత కలవరము! కనుక అసలు పట్టికను ముట్టకమునుపే అనుకరణ పాఠములో విద్యార్థికి చేయి తిరుగవలెను.

ఈ పాఠమునకు ఆధారము తెర రికార్డింగు. ఓబీఎస్ స్టూడియో వంటి ఉచిత సాధనము తెరపై జరుగు ప్రతి కదలికను, ఉపాధ్యాయుని మాటతో సహా వీడియోగా భద్రపరచును. చెప్పవలసిన మాటలను ముందే కాగితముపై వ్రాసుకొని, పని నొకసారి చేసి చూచుకొనవలెను. అక్షరములు పెద్దవిగా ఉండవలెను. బాణపు గుర్తును నెమ్మదిగా కదపవలెను. ఒక పాఠములో ఒక్క పనినే నేర్పుట మేలు.

అయితే ఈత చూచినంత మాత్రమున ఈత రాదు. అంకె చేర్చవలసిన చోట వీడియో ఆగి, "ఏ గడిని నొక్కవలెను?" అని అడుగవలెను. జవాబు తప్పినచో కారణము తెలిపి, మరల అవకాశమీయవలెను. హెచ్‌ఫైవ్‌పీ అను ఉచిత సాధనముతో వీడియో నడుమ ఇట్టి ప్రశ్నలను చేర్చవచ్చును.

బొంబాయి ఐఐటీ వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠములు తెలుగులోను కలవు. విద్యార్థి తెరలో ఒక ప్రక్క పాఠము చూచుచు, రెండవ ప్రక్క తానే పని చేయును. చిత్రము మార్చక మాట మాత్రమే మార్చవచ్చును గనుక, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతముల పిల్లలకు కోయ భాషలోను పాఠము వినిపింపవచ్చును. ఇంటర్నెట్టు అందనిచోటికి పెన్‌డ్రైవులో పంపిన చాలును.