ఇక్కడ పురుగు.. అక్కడ అపురూపం
ఒకే కుటుంబానికి చెందిన రెండు సీతాకోకచిలుకలు

గూడూరు: నిమ్మ నారుమళ్లలో లేత చిగుళ్లపై పక్షి రెట్టలా కనిపించే మచ్చలను చాలామంది రైతులు పట్టించుకోరు. రోజుల వ్యవధిలోనే ఆకులు మాయమై ఈనెలు మిగిలాక గాని అది పురుగని తెలియదు. నిమ్మ సీతాకోకచిలుక తొలిదశ గొంగళి అది. ఎదిగేకొద్దీ ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. తాకితే తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. తోటలో ఎగిరే సీతాకోకను చూసి ముచ్చటపడే రైతే దాని పిల్లను చూడగానే మందు డబ్బా వెతుక్కుంటాడు.

అవే కొమ్ములు, అదే రక్షణ ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలపై బతికే అపోలో సీతాకోకచిలుక గొంగళికీ ఉన్నాయి. రెండూ పాపిలియోనిడే కుటుంబానివే. రెండింటికీ 1758లో శాస్త్రీయ నామం పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ కావడం విశేషం. జీవన విధానంలో మాత్రం పొంతన లేదు.

నిమ్మ, బత్తాయిలతోపాటు కరివేపాకు, మారేడు, వెలగ ఆకులపైనా నిమ్మ సీతాకోక పెరుగుతుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా సుమారు నెల రోజులు చాలు. ఏడాదిలో అనేక తరాలు పుడతాయి. ఆసియా ఖండానికి చెందిన ఈ కీటకం 2004లో కరీబియన్ ప్రాంతంలోని డొమినికన్ రిపబ్లిక్‌లోనూ కనిపించింది.

అపోలోకు ఏడాదికి ఒక్కటే తరం. వేసవిలో పెట్టిన గుడ్డు లోపలే గొంగళి రూపుదిద్దుకుని, చలికాలమంతా అలాగే ఉండి, మంచు కరిగాక బయటపడుతుంది. రాళ్ల సందుల్లో పెరిగే దళసరి ఆకుల సెడం మొక్కలే దానికి ప్రధాన ఆహారం. గొంగళి నల్లని ఒళ్లు ఎండ వేడిని త్వరగా గ్రహిస్తుంది. చెట్టు కొమ్మకు కాక, నేలపై రాళ్ల మాటున గూడు కట్టుకుంటుంది. పశువుల మేత ఆగిన కొండవాలుల్లో పొదలు కమ్ముకుంటే సెడం మొక్కలకు ఎండ తగలదు. శీతాకాలం వేడెక్కినా ముప్పే. ఎగిరిపోయి మరో పంటను వెతుక్కునే వెసులుబాటు దానికి లేదు. అందుకే ఐరోపా సమాజం 1992 నాటి ఆవాసాల చట్టంలో దానికి కఠిన రక్షణ కల్పించింది. ‘సైటిస్’ ఒప్పందం కింద అంతర్జాతీయ వ్యాపారంపైనా నియంత్రణ ఉంది.

నిమ్మ సీతాకోకకు అటువంటి రక్షణ అవసరం లేదు. అలాగని తోటంతా మందు కొట్టనవసరమూ లేదు. ఏపుగా పెరిగిన చెట్లు ఈ నష్టాన్ని తట్టుకుంటాయి. జాగ్రత్త పడాల్సింది నారుమళ్లు, లేత మొక్కల విషయంలోనే. గొంగళ్లను చేతితో ఏరివేయడం, అయిదు శాతం వేపగింజల కషాయం పిచికారీ చేయడం మేలు. విచక్షణ లేకుండా రసాయనాలు చల్లితే సీతాకోక గుడ్లలో పెరిగి వాటిని నాశనం చేసే ట్రైకోగ్రామా వంటి మేలుచేసే కీటకాలూ చనిపోతాయి.