తూకం సరే... కండ మాటేమిటి?

"డయాలసిస్ మొదలై ఏడాదైనా మా ఆయన బరువు తగ్గలేదండీ!" అని సంబరపడే ఇల్లాళ్లుంటారు. మంచిదే. కానీ ఆ బరువులో కండ ఎంత, నీరెంత? తూకం మిషను ఆ సంగతి చెప్పదు.

కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. లీటరు నీరు చేరితే కిలో బరువు పెరిగినట్టే. అదే సమయంలో కిలో కండ తరిగిపోయిందనుకోండి, ముల్లు కదలదు. మనిషి మాత్రం నీరసిస్తుంటారు. పైగా పాత బరువునే లెక్కలో పెట్టుకుని డయాలసిస్ చేస్తే, తీయాల్సిన నీరు లోపలే మిగులుతుంది. బీపీ, ఆయాసం పెరుగుతాయి.

మిషనూ పొరబడుతుంది!

ఒంట్లోకి అతి స్వల్పంగా కరెంటు పంపి కండ ఎంతుందో లెక్కగట్టే బయోఇంపెడెన్స్ పరీక్ష ఉంది. కండలో దాదాపు ముప్పాతిక వంతు నీరే కనుక, అదనంగా చేరిన నీటిని కూడా ఇది కండగా చూపించవచ్చు. అందుకే డయాలసిస్ పూర్తయ్యాక, అరగంట ఆగి చేస్తే మేలు. జబ్బ చుట్టుకొలత కూడా డయాలసిస్ అయ్యాకే, ఫిస్టులా లేని చేతికి తీయాలి.

ఇంట్లో గమనించండి

* జాకెట్టు చేతులు వదులయ్యాయా? కణతలు లోతుకుపోయాయా?
* సీసా మూత తీయడం కష్టమవుతోందా?
* చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడుతోందా? పక్కన మీరు నిలబడి చూడండి.

ఇలా ఉంటే డాక్టరుకు చెప్పండి. 'డ్రై వెయిట్' మళ్లీ సరిచూడమని అడగండి.

పాత పథ్యం వద్దు

డయాలసిస్‌కు ముందు ప్రొటీన్ తగ్గించమంటారు. మొదలయ్యాక ఆ పథ్యం మారాలి. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లల్లో పాత పథ్యమే సాగుతుంటుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో వచ్చేది 6 గ్రాములే! పప్పు, పాలల్లో పొటాషియం, భాస్వరం కూడా ఉంటాయి కనుక ఏది ఎంతో డైటీషియన్‌ను అడగండి.

డయాలసిస్ మీకే జరుగుతుంటే, అందరికీ వడ్డించాక మిగిలిందే చాలనుకోకండి. మీ కంచంలో గుడ్డు ముందు వేసుకోండి!