పాత మానిటర్‌లో బొమ్మ చెడితే తప్పంతా దానిదేనా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ కారణంగా సీపీయూ మార్చాల్సి వచ్చిన ఇళ్లు, చిన్న కార్యాలయాలు పనిచేస్తున్న పాత మానిటర్‌నే కొనసాగించాలనుకోవడం సహజం. చిక్కు అక్కడే మొదలవుతుంది. కొత్త సీపీయూకు తగిలించగానే తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తుంది. లేదా బొమ్మ పసుపు పచ్చగా, మసకగా కనిపిస్తుంది. ‘ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి’ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. బాగున్న మానిటర్ కాస్తా పాత సామాన్ల వాడికి చేరుతుంది.

నిజానికి బొమ్మ చెడడానికి కారణం మూడు చోట్ల ఉండవచ్చు. కంప్యూటర్, మధ్యలోని కేబుల్, మానిటర్. మానిటర్ లోపల మళ్లీ సిగ్నల్ బోర్డు, పవర్ బోర్డు, వెనుక నుంచి వెలుగునిచ్చే బ్యాక్‌లైట్, బొమ్మ చూపే ప్యానెల్ విడివిడి భాగాలు. వీటిలో బాగుచేయించడం గిట్టుబాటు కానిది దాదాపుగా ప్యానెల్ ఒక్కటే. కాబట్టి తప్పు ఎక్కడుందో తెలుసుకున్నాకే ఖర్చు గురించి ఆలోచించాలి. ఆ పరీక్షల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

మెనూ చెప్పే సాక్ష్యం

మానిటర్ అంచున ఉన్న మెనూ బటన్ నొక్కడం మొదటి పరీక్ష. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చుకునే ఆ మెనూ కంప్యూటర్ నుంచి రాదు, మానిటర్ తానే గీస్తుంది. బొమ్మ వణుకుతున్నా, రంగు మారినా, మెనూ మాత్రం స్పష్టంగా, సరైన రంగుల్లో కనిపిస్తే ప్యానెల్, బ్యాక్‌లైట్ బాగున్నట్టే. అప్పుడు వెతకాల్సింది కేబుల్‌లో, కంప్యూటర్‌లో, లేదా మానిటర్‌కు సిగ్నల్ వచ్చే సాకెట్ దగ్గర. మెనూ కూడా అదే తీరుగా చెడి ఉంటే లోపం మానిటర్‌లోనే ఉందని అర్థం.

గీతలు, చుక్కలు కనిపిస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి మొబైల్‌లో చూడాలి. అక్కడా గీతలుంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను, డ్రైవర్‌ను అనుమానించాలి. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే కేబుల్‌ను, మానిటర్‌ను ముందుగా చూడాలి.

రంగు మారితే కేబుల్

పాత మానిటర్లలో ఎక్కువగా కనిపించే నీలం రంగు 15 పిన్నుల ప్లగ్ వీజీఏ. ఐబీఎం 1987లో తెచ్చిన ఈ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేర్వేరు తీగలుంటాయి. ఒక తీగ తెగినా, ఒక పిన్ను వంగినా ఆ రంగు ఒక్కటే మాయమవుతుంది. నీలం పోతే తెల్లని పేజీ పసుపుగా, ఆకుపచ్చ పోతే గులాబీ ఛాయలో, ఎరుపు పోతే నీలి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ప్లగ్ తీసి పిన్నులు చూసి, తిరిగి పెట్టి మరలు బిగించాలి. అయినా మారకపోతే ఇంకో కేబుల్‌తో చూడాలి. ఒక్కటి జాగ్రత్త: 9వ పిన్ను లేని కేబుళ్లు మామూలే, అది విరిగిందని కంగారు పడనక్కర్లేదు.

‘నో సిగ్నల్’, ‘అవుట్ ఆఫ్ రేంజ్’ ఒకటి కావు

‘నో సిగ్నల్’ అంటే మానిటర్‌కు కరెంటు ఉంది, వెలుగుతోంది, బొమ్మ అందడం లేదు అంతే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సీపీయూలో కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డు సాకెట్‌కు తగిలించడం తరచూ జరిగే పొరపాటు. రెండోది కన్వర్టర్ సమస్య. చాలా కొత్త కంప్యూటర్లలో వీజీఏ ఉండదు, హెచ్‌డీఎంఐ ఉంటుంది. ఒకటి డిజిటల్, మరొకటి అనలాగ్. లోపల చిప్ ఉన్న కన్వర్టర్ అయితేనే పనిచేస్తుంది. ఒకవైపు హెచ్‌డీఎంఐ, మరోవైపు వీజీఏ ప్లగ్ ఉన్న వట్టి తీగతో బొమ్మ రాదు.

‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తే సిగ్నల్ అందుతోంది, కానీ మానిటర్ తట్టుకోగలిగిన హద్దు దాటింది. సేఫ్ మోడ్‌లో తెరిస్తే విండోస్ మామూలు స్థాయి బొమ్మతో మొదలవుతుంది. అక్కడ గ్రాఫిక్స్ డ్రైవర్ తొలగించి, మళ్లీ మొదలుపెట్టి, రిఫ్రెష్ రేటును 60 హెర్ట్జ్‌కు తేవాలి.

అక్షరాలు మసకబారితే

ఎల్‌సీడీ ప్యానెల్‌లో చుక్కల సంఖ్య స్థిరం. 17 అంగుళాల పాత చదరపు తెరకు సాధారణంగా 1280×1024, 19 అంగుళాల వెడల్పు తెరకు 1440×900 ఉంటుంది. కంప్యూటర్ వేరే రిజల్యూషన్ పంపితే మానిటర్ దాన్ని సాగదీసో కుదించో చూపుతుంది. అక్షరాల అంచులు చెదురుతాయి. చూపు మందగించిందనుకునే ముందు ఈ సెట్టింగ్ చూడడం మంచిది. రిజల్యూషన్ సరిగ్గా ఉన్నా వీజీఏలో అక్షరాలు వణుకుతుంటే, తెర నిండా అక్షరాలున్న పేజీ తెరిచి మెనూలోని ‘ఆటో అడ్జస్ట్’ నొక్కాలి. సరైన రిజల్యూషన్ జాబితాలోనే లేకపోతే మళ్లీ కేబుల్‌నో కన్వర్టర్‌నో చూడాలి. మానిటర్ తన కొలతలను కంప్యూటర్‌కు చెప్పే తీగలు కూడా అందులోనే ఉంటాయి.

నల్లబడ్డ తెరకు టార్చి పరీక్ష

మానిటర్ వెలిగి, రెండు మూడు సెకన్లలో నల్లబడుతుంది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. గదిలో దీపం ఆర్పి, మొబైల్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూడాలి. లీలగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్, సిగ్నల్ రెండూ పనిచేస్తున్నట్టు. పోయింది బ్యాక్‌లైటో, దానికి కరెంటిచ్చే భాగమో. పాత మానిటర్లలో పవర్ బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బిపోవడం దీనికి తరచూ కనిపించే కారణం. ఆ విడిభాగాలు చాలా చవక. మెకానిక్ దగ్గర ‘ముందు కెపాసిటర్లు చూడండి’ అని చెప్పగలిగితే కొత్త మానిటర్ ఖర్చు తప్పవచ్చు.

తెర పైనుంచి కిందికి ఒకే చోట కదలని నిలువు గీత ఉండి, అది మెనూ మీదుగా కూడా కనిపిస్తే లోపం ప్యానెల్‌లోనో, దాని అంచున ఉండే సన్నని కనెక్షన్లలోనో ఉన్నట్టు. పగిలి సిరా ఒలికినట్టు కనిపించినా అంతే. అక్కడ డబ్బు పెట్టడం దండగ.

విప్పకూడని పెట్టెలు

ఇప్పటికీ కొన్నిచోట్ల వాడుకలో ఉన్న పాత పిక్చర్ ట్యూబు మానిటర్లలో తెర మూలల్లో రంగు మరకలు వస్తే పక్కనున్న స్పీకర్లను దూరం జరిపి, మెనూలో ‘డీగాస్’ నొక్కాలి. అయస్కాంతం వల్ల వచ్చిన మరకలు చాలావరకు పోతాయి. అంతకు మించి పెట్టె విప్పకూడదు. రంగుల ట్యూబుకు 20 వేల వోల్టులకు పైగా అందుతుంది. ప్లగ్ తీసినా ఆ విద్యుత్తు కొంతకాలం నిలిచి ఉంటుంది. ఎల్‌సీడీలోని పవర్ బోర్డు కూడా ప్రమాదమే. 230 వోల్టుల కరెంటు అందులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటి నిల్వ ఉంటుంది. ఆ పని తెలిసినవారికే వదలాలి.

పారేయక తప్పకపోతే

ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పోగేసింది. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. పిక్చర్ ట్యూబు గాజులో సీసం, పాత ఎల్‌సీడీల ట్యూబులైట్లలో పాదరసం ఉంటాయి. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల వాటిని వట్టి చేతులతో విడదీసేవారి ఒంట్లోకి చేరేది అదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కాబట్టి పనికిరాదని తేలిన మానిటర్‌ను నమోదైన రీసైక్లర్‌కో, తయారీ సంస్థ సేకరణ కేంద్రానికో ఇవ్వాలి. మెనూ, కేబుల్, టార్చి పరీక్షలకు పట్టేది పావుగంట. అవి పూర్తయ్యాకే ఏ మానిటర్‌నైనా పనికిరానిదని తేల్చాలి.