బ్రేకు నొక్కితే స్టీరింగు ఎందుకు వణుకుతుంది?

లూప్ 101 మీద గంటకి 65 మైళ్ళ వేగంతో పోతూ, ఎగ్జిట్ దగ్గర పడిందని బ్రేకు నొక్కగానే స్టీరింగు చేతుల్లో గడగడలాడుతుంది. వేగం 30కి పడేసరికి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. షాపుకి తీసుకెళితే "రోటర్లు వంకరపోయాయి, నాలుగూ మార్చాలి" అంటారు. మారుస్తాం. చాలామందికి ఆర్నెల్లు తిరక్కుండానే మళ్ళీ వణుకు! తిరకాసంతా ఆ "వంకరపోవడం" అన్న మాటలోనే ఉంది.

ముందు బ్రేకు సంగతి చూద్దాం. రోటరు అంటే చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్ళెం. కాలిపర్ దాన్ని పట్టకారులా రెండు వైపులనుంచీ ప్యాడ్లతో నొక్కుతుంది. కారు చలనశక్తి అక్కడ వేడిగా మారుతుంది. 1500 కిలోల కారుని 70 మైళ్ళ వేగం నుంచి పూర్తిగా ఆపితే పుట్టే వేడి సుమారు 730 కిలోజౌళ్ళు. రెండు లీటర్ల పైచిలుకు నీళ్ళు కాగి మరగడం మొదలెట్టడానికి అది చాలు! బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి వాలుతుంది కాబట్టి ఇందులో పెద్ద వాటా ముందు రోటర్లదే.

అంత వేడికి ఇనుము వంగిపోదా అంటే, మామూలు కార్లలో అలా జరగడం చాలా అరుదు. రేసు కార్ల ఇంజనీరు కారోల్ స్మిత్ ఈ అపోహ మీద ఒక వ్యాసమే రాశాడు. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, బాగా వేడెక్కిన ప్యాడు పదార్థం రోటరు మీద అక్కడక్కడా పెనంమీద మాడిన అట్టులా అంటుకుపోతుంది. దాంతో పళ్ళెం మందం చోటుకో రకంగా తయారవుతుంది. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, అంటే తలవెంట్రుక మందంలో సుమారు మూడోవంతు. మందంగా ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకి వచ్చిన ప్రతిసారీ బ్రేకు కాస్త గట్టిగా పడుతుంది, దాటగానే సడలుతుంది. 60 మైళ్ళ వేగంలో చక్రం సెకనుకి దాదాపు 13 సార్లు తిరుగుతుంది. చాలా కార్లలో స్టీరింగు, సస్పెన్షన్‌ల సహజ కంపనం కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఊగే ఉయ్యాలని సరైన సమయంలో తోసినట్టన్నమాట. అందుకే 50-65 మధ్య అంత హడావిడి, 30 దగ్గర నిశ్శబ్దం.

మరి కొత్త రోటర్లు వేసినా ఎందుకు తిరగబెడుతుంది? హబ్ మీద తుప్పు గీకకుండా రోటరు తగిలించినా, చక్రం నట్లు ఒకటి బిగువుగా ఒకటి వదులుగా బిగించినా, పళ్ళెం కొద్దిగా ఓరగా కూర్చుంటుంది. దీన్ని రనౌట్ అంటారు. 0.05 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. మొదట్లో వణుకేమీ తెలియదు. బ్రేకు వెయ్యకపోయినా ఆ ఓర భాగం ప్రతి చుట్టులోనూ ప్యాడుకి రాసుకుని, కొన్ని వేల మైళ్ళకి అక్కడ అరిగి పల్చనవుతుంది. అసలు బగ్గుని వదిలేసి, ఎర్రర్ మెసేజి తీసేసినట్టే. చాండ్లర్ ఎండలో తుప్పు తక్కువే. కానీ ఉద్యోగం మారి మిషిగన్ నుంచో షికాగో నుంచో కారుతో సహా వచ్చినవాళ్ళు అక్కడి రోడ్ల ఉప్పుని కూడా వెంట తెచ్చుకుంటారు.

డబ్బు పెట్టేముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. బ్రేకు వెయ్యకుండానే వణికితే చక్రాల బ్యాలెన్సునో టైర్లనో చూడండి. బ్రేకు వేసినప్పుడే, అదీ స్టీరింగులోనే వణికితే సాధారణంగా ముందు రోటర్లు. సీటు అదిరితే వెనకవాటిని చూడాలి. సడన్ బ్రేకు వేసినప్పుడు పెడలు టకటకా కొట్టుకుంటే అది ఏబీఎస్, తన పని తాను చేస్తోంది. కాసేపు నడిపి ఆపాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు ముందు రోటర్లనీ కొలవండి, చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. ఒకటి మరీ వేడిగా ఉందంటే కాలిపర్ పట్టేసి ఉండొచ్చు. టై రాడ్లు, బుష్షులు అరిగితే చిన్న వణుకు కూడా పెద్దదవుతుంది. మన వీధుల్లో డ్రైవరు లేకుండా తిరిగే వేమో కార్లలో ఆ స్టీరింగు పట్టుకునేవాళ్ళే ఉండరు. మనకి మాత్రం మన చేతులే సెన్సార్లు.

చాలామంది అరిజోనా ఎండని తిడతారు. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకిన మాట నిజమే. కానీ గట్టి బ్రేకులకి రోటరు కొన్ని వందల డిగ్రీలు ఎక్కుతుంది, దానిముందు వాతావరణం వేడి ఎంత? నా లెక్కలో అసలు నేరస్థుడు ఐ-17. ఫ్లాగ్‌స్టాఫ్ ఎత్తు సుమారు 2100 మీటర్లు, చాండ్లర్‌ది 370. మంచు చూసి తిరిగొస్తూ సన్‌సెట్ పాయింట్ నుంచి బ్లాక్ కాన్యన్ సిటీ దాకా బ్రేకు మీదే కాలుంచి దిగి, కింద కారాపి పెడలు అలాగే తొక్కి పట్టుకుంటే, కాలుతున్న ప్యాడు రోటరు మీద అచ్చు వేసేస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు దిగే బస్సు డ్రైవర్లని గమనించారా? తక్కువ గేరులో, ఇంజనే కళ్ళెంగా దిగుతారు. ఆటోమాటిక్ కార్లలోనూ ఆ సదుపాయం ఉంది, వాడేవాళ్ళే తక్కువ.

ఇక మరమ్మత్తు. ఖర్చులేనిదాంతో మొదలెట్టండి. నట్లని వదులు చేసి, టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంతే, నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగించండి. తగ్గకపోతే రోటరు మందం, రనౌట్ కొలిపించాలి. కనీస మందం సాధారణంగా రోటరు మీదే ఉంటుంది. అంతకన్నా మందం మిగిలితే సానపట్టించవచ్చు, లేకపోతే మార్చాల్సిందే. మార్చినా రెండు ముందువి చాలు, వెనకవి బాగుంటే వాటి జోలికెందుకు? షాపులో "హబ్ శుభ్రం చేశారా, రనౌట్ ఎంతొచ్చింది?" అని అడగండి. అంకె చెప్పలేని షాపుకి నేనైతే కారివ్వను. ఇంట్లో చేసుకునేవాళ్ళు జాకీని నమ్మి కింద దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

పెడలు లోపలికి దిగిపోతున్నా, కారు ఒక పక్కకి లాగుతున్నా, బ్రేకు ద్రవం కారుతున్నా పరీక్షలు కట్టిపెట్టి, కారుని టో చేయించండి.

కొత్త ప్యాడ్లని మచ్చిక చెయ్యడం చివరి పని. తయారీదారు వేరే పద్ధతి చెప్పకపోతే, ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 మైళ్ళకి ఓ మోస్తరు బ్రేకుతో ఎనిమిది, పది సార్లు తగ్గించండి. మధ్యలో పూర్తిగా ఆపకూడదు. తరవాత పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లారనివ్వండి. ప్యాడు పదార్థం పల్చటి పొరగా రోటరంతా సమంగా పరుచుకుంటుంది.